నీడ తప్ప అన్నీ ఉచితమే

వేసవి సెలవుల్లో పిల్లల్ని ఎక్కడికి తిప్పాలన్నది బెజవాడలో ఏటా ఏప్రిల్ 24న పుట్టి, జూన్ 12న బడిగంట మోగేదాకా తెగని సమస్య. డబ్బున్నవాళ్ళు ఊటీ పోతారు, వాళ్ళ గోల మనకొద్దు. మిగిలినవాళ్ళకు ఎవరో ఒక పెద్దమనిషి తప్పకుండా తగులుతాడు. "ఊళ్ళోనే బోలెడు చోట్లున్నాయండీ, పైసా ఖర్చు లేదు" అంటాడు. ఆ మాట అనేటప్పుడు ఆయన ఏసీ గదిలో కూర్చుని ఉంటాడని గమనించ మనవి.

సలహా తప్పని మేము అనం. కృష్ణ ఉచితం. కింద నిలబడి చూసినంతసేపూ ఇంద్రకీలాద్రి ఉచితం. వడగాలి అయితే అడక్కుండానే ఇంట్లోకి వచ్చి పంచిపెడుతుంది.

ప్రయాణం కూడా దాదాపు ఉచితమే. 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ సిటీ బస్సుల్లో ఆడవాళ్ళకు డబ్బుల్లేవు. అయిదేళ్ళలోపు పిల్లలకు అంతకుముందు నుంచే లేవు. అంటే కుటుంబం మొత్తంలో ఖర్చు కింద రాసుకోవలసిన ప్రాణి నాన్న ఒక్కడే. ఆయన్ని ఇంటి దగ్గర వదిలేస్తే విహారయాత్ర లెక్క సున్నాకి వస్తుంది. చిక్కల్లా అయిదు దాటిన మగపిల్లలతోనే. "బాబుకెన్నేళ్ళమ్మా?" అని కండక్టరు అడుగుతాడు. "నాలుగు నిండి అయిదు నడుస్తోందండీ" అని తల్లి వినయంగా చెబుతుంది. ఒళ్ళో కూర్చోబెట్టుకున్నవాడి కాళ్ళు కిందికి వేళ్ళాడి బస్సు నేలకి ఆనుతుంటాయి. వాడు ఊరుకోడు. "కాదంకుల్, నాకు ఆరు. మొన్ననే కేకు కోశాం, స్పైడర్‌మ్యాన్ కేకు" అని బస్సంతా వినబడేలా ప్రకటిస్తాడు. అర టికెట్టు తెగుతుంది. నిజం చెప్పే పిల్లల్ని పెంచడంలో ఉన్న ఆర్థిక నష్టం గురించి నీతిపాఠాలు రాసేవాళ్ళు ఎందుకో ప్రస్తావించరు.

సరే, ప్రకాశం బ్యారేజీ దగ్గర దిగారనుకుందాం. 1957లో పూర్తయింది. పొడవు కిలోమీటరు పైచిలుకు, గేట్లు 70. పైన కప్పు వేస్తే బాగుండునని ఈ ఇన్నేళ్ళలో ఎవరికీ తోచలేదు. పదకొండు గంటలప్పుడు రెయిలింగు పట్టుకుని "అమ్మా, నీళ్ళు!" అనబోయిన పిల్ల "అమ్మా!" దగ్గరే ఆగిపోతుంది. ఆ ఇనుము మీద అట్టు పోసుకోవచ్చు. దృష్టి మళ్ళించడానికి గేట్లు లెక్కపెట్టమనడం తండ్రుల పాత ఎత్తు. పది గేట్లు దాటకముందే అవతల పుల్లైసు బండి కనబడుతుంది. ఇక ఆ రోజుకు లెక్కలన్నీ నాన్న జేబులోనే. సాయంత్రం ఆరు దాటాక రావచ్చు కదా అంటారా? వచ్చాం. ఊరంతా వచ్చింది. గాలి నిజంగానే బాగుంది, కాదనకూడదు. కాకపోతే అది మనదాకా రావడానికి ముందు నలభైమంది వీపులు దాటి రావాలి.

కాలువలైనా చూపిద్దామంటే, ఏలూరు కాలువ, బందరు కాలువ, రైవస్ కాలువ, మూడూ ఊరి నడిబొడ్డునే పోతాయి. అయితే పిల్లలకు సెలవులిచ్చినప్పుడే కాలువలకూ సెలవులిస్తారు. పంట చేతికొచ్చాక నీళ్ళు ఆపేస్తారు. మిగిలేది బురద, అందులో కూరుకున్న ప్లాస్టిక్ సంచులు. పిల్లలు దాన్నే అరగంటసేపు నోరు తెరుచుకుని చూస్తారు, అది వేరే సంగతి.

గ్రంథాలయం ఉంది. ఆంధ్రదేశంలో గ్రంథాలయాలకు 1914లో సంఘం కట్టుకున్న ఊరు మనది, ఆ గౌరవం చిన్నది కాదు. నీడ ఉంది, ఫ్యానుంది, బొమ్మల పుస్తకాలున్నాయి. ఇది మాత్రం ఉచితమనడం న్యాయం కాదు. ఇంటిపన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ సెస్సు కింద మనం ముందే కట్టేశాం. కట్టినవాళ్ళలో ఎంతమంది వెళ్ళి కూర్చుంటున్నారో అడిగి ఎవరినీ ఇబ్బంది పెట్టం. చాలా శాఖా గ్రంథాలయాలు పొద్దునా సాయంత్రం తెరిచి, మిట్టమధ్యాహ్నం మూసుకుంటాయి. ఎండ నుంచి పుస్తకాలను కాపాడాలి మరి.

ఈ విషయంలో మనసారా మెచ్చుకోవలసినది ఒక్క ఉండవల్లినే. బ్యారేజీ దాటితే గుంటూరు జిల్లా, అక్కడే గుహలు. క్రీస్తుశకం నాలుగో, అయిదో శతాబ్దం నాటివంటారు. కొండని నాలుగంతస్తులుగా తొలిచారు. పదిహేనేళ్ళలోపు పిల్లలకు టికెట్టు లేదు, పెద్దలకే. లోపల అడుగుపెట్టగానే చెప్పులు విప్పిన పాదాలకు రాయి చల్లగా తగులుతుంది. ఒకే రాతిలో మలిచిన అనంతపద్మనాభస్వామి నిండుగా పడుకుని ఉంటాడు. "స్వామికి సెలవులా?" అని పిల్లలడుగుతారు. అంతే అనుకోండి. కరెంటు బిల్లు లేకుండా మేనెలలో హాయిగా పడుకున్నవాడు ఈ చుట్టుపక్కల ఆయనొక్కడే. మేము విచారించినంతలో, అయిదో శతాబ్దం తర్వాత ఈ ప్రాంతంలో జనం కోసం నీడ నిర్మాణం చేపట్టిన దాఖలాలు లేవు. రోడ్డు వెడల్పు కోసం నిద్రగన్నేళ్ళు కొట్టేసిన చోట డివైడర్ల మధ్య అలంకారం కోసం నాటినవి చూడండి. తలమీద పిడికెడు ఆకులు, కింద వాటి నీడ వాటికే చాలదు. రాత్రిళ్ళు వాటికి రంగు దీపాలు చుడతారు. రాత్రిపూట ఎండ ఉండదు కనుక అప్పుడు అవి బ్రహ్మాండంగా పనిచేస్తాయి.

ప్రభుత్వాలు ఏమీ చేయలేదంటే కళ్ళుపోతాయి. కూడలికో చలివేంద్రం వెలుస్తుంది. తాటాకు పందిరి చిన్నది, దాని వెనక ఫ్లెక్సీ పెద్దది. నాయకుడు రిబ్బను కత్తిరించి మొదటి గ్లాసు మజ్జిగ ఫొటోగ్రాఫరు చాలన్నదాకా తాగుతాడు. వారం తిరిగేసరికి కుండ బోర్లిస్తారు, ఫ్లెక్సీ మాత్రం నిలబడుతుంది. మా లెక్కలో నీడనిచ్చేది కుండా కాదు, పందిరీ కాదు, ఆ ఫ్లెక్సీయే. దాని వెనక పిల్లల్ని నిలబెట్టి నీళ్ళు తాగించిన తల్లుల్ని చూశాం. నాయకుల ముఖాలు ఇంకా పెద్దవిగా వేయించాలని మా మనవి. రాజకీయాలతో నిమిత్తం లేదు, ఏ పార్టీ ముఖమైనా మాకు సమ్మతమే.

అంతదాకా మధ్యాహ్నం పూట గృహిణులు కనిపెట్టిన మార్గమొకటుంది. బీసెంట్ రోడ్డు వైపు వెళ్ళి ఏదైనా పెద్ద బట్టలకొట్టులో దూరడం. తలుపు తీయగానే జనవరి. తెల్లటి పరుపు మీద అమ్మ కూర్చుంటుంది, పిల్లలు పాలరాతి గచ్చు మీద జారుడుబండ ఆడతారు, ఎవరో కూల్‌డ్రింకు కూడా తెచ్చిస్తారు. "పెళ్ళికా అమ్మా?" అంటే "ఆఁ, చూస్తున్నామండీ." ఒక్కో చీరా మడత విప్పి పరుస్తుంటాడు కుర్రాడు. గుట్ట పెరుగుతుంది. ఈలోగా చిన్నది ఆ పట్టుచీరల గుట్ట మీదే నోరు తెరుచుకుని నిద్రపోతుంది. దాన్ని లేపకుండా కింది చీర లాగడం ఎలాగో ఆ కుర్రాడికి బాగానే తెలుసు. లాగి, మడతపెడుతూ, మర్యాదగానే అడుగుతాడు.

"నిన్న కూడా మీరే కదమ్మా వచ్చింది? ఆ నెమలికంఠం రంగుది మళ్ళీ తీయమంటారా?"