వంటగది గాయానికి గడువు ఎవరిస్తారు?

రెస్టారెంటు వంటగదిలో వేలు తెగినవాడు ముందుగా గాయం ఎంత లోతుగా ఉందో చూసుకోడు, ఎవరైనా చూశారేమో చూసుకుంటాడు. గుడ్డ చుట్టి, పైన గ్లౌజు తొడిగి, ఆగిన ఆర్డరు అందుకుంటాడు. సీనియర్లు ముంజేతుల మీది మచ్చలను పతకాల్లా చూపిస్తారు. నొప్పి అంటే చులకనైపోతామని కొత్తగా చేరిన కుర్రవాడికి మొదటి వారంలోనే బోధపడుతుంది. ఈ మొండితనాన్ని వృత్తి పట్ల నిబద్ధతగా మెచ్చుకోవడం చాలాకాలంగా సాగుతోంది. నన్నడిగితే వంటవారి చేతులకు నిప్పు, కత్తి కలిసి చేసే నష్టం కంటే ఈ మెప్పు చేసే నష్టమే ఎక్కువ.

కాలిన గాయాన్నే చూద్దాం. నీళ్లు 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతాయి. వేపుడు నూనె 175 నుంచి 190 డిగ్రీల దాకా వేడెక్కుతుంది, పైగా జారిపోకుండా చర్మాన్ని పట్టుకుని ఉంటుంది. ఆవిరి చర్మాన్ని తాకి నీరుగా మారేటప్పుడు దాచుకున్న వేడినంతా అక్కడే వదిలేస్తుంది. దీనికి ప్రథమ చికిత్సకు ఖర్చేమీ లేదు: కుళాయి కింద పారే చల్లటి నీటిలో 20 నిమిషాలు ఉంచడమే. వెంటనే వీలుకాకపోయినా మూడు గంటలలోపు చేస్తే ఫలితం ఉంటుంది. ఐసు పెట్టకూడదు, టూత్‌పేస్టు, వెన్న పూయకూడదు, బొబ్బ చిదమకూడదు. వాపు రాకముందే ఉంగరం, గడియారం తీసేయాలి. ఇవన్నీ గోడమీద అంటించిన కాగితంలో ఉండే మాటలే, చాలామందికి తెలిసినవే. కానీ భోజనాల రద్దీలో 20 నిమిషాలు కుళాయి దగ్గర నిలబడిన వంటవాణ్ని ఎంతమంది చూసి ఉంటారు? ఆ కాసేపు అతని పొయ్యి దగ్గర నిలబడాల్సిన మరో మనిషిని షిఫ్టు వేసినవారు లెక్కలోకే తీసుకోలేదు. అందువల్ల పైపైన మానిపోవాల్సిన గాయం లోతుకు దిగుతుంది.

కత్తి గాయం ఇంకా మోసకారిది. అరచేతి వైపు వేళ్లను ముడిచే టెండన్లు (కండరాన్ని ఎముకకు కలిపే తాళ్లలాంటి పోగులు), స్పర్శ తెలిపే నరాలు చర్మానికి చాలా దగ్గరగా ఉంటాయి. పైకి చిన్న గాటు, రక్తం కూడా త్వరగానే ఆగిపోతుంది, లోపల టెండన్ తెగి ఉండవచ్చు. వేలి చివరి కణుపు విడిగా ముడుచుకుంటోందా, వేలికి రెండు వైపులా స్పర్శ ఒకేలా తెలుస్తోందా అని అప్పటికప్పుడే చూసుకోవాలి. ఏ కాస్త తేడా ఉన్నా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. ఆలస్యమైతే తెగిన కొసలు వెనక్కి లాక్కుపోయి, శస్త్రచికిత్స కష్టమవుతుంది. కుట్టిన తర్వాత సుమారు ఆరు వారాలు స్ప్లింటు (చేతికి ఆసరాగా కట్టే గట్టి కట్టు) ఉంటుంది. బరువులెత్తడానికి సాధారణంగా 12 వారాలు ఆగాలి. ఈ మధ్యలో నిండు గిన్నె ఒకటి ఎత్తితే కుట్టిన చోటే మళ్లీ తెగిపోవచ్చు. అలాగని చెయ్యి కదపకుండా కూర్చున్నా టెండన్ చుట్టుపక్కల కణజాలానికి అతుక్కుపోయి వేలు బిగుసుకుంటుంది. ఫిజియోథెరపిస్టు చెప్పిన వ్యాయామాలను రోజుకు ఎన్నిసార్లు చెప్పారో అన్నిసార్లు చేయాల్సిందే. బయటివారికి సెలవులా కనిపించే ఈ కాలం నిజానికి విసుగు పుట్టించే ఉద్యోగం.

రోగిని అతని వృత్తి ఏమిటని తప్పక అడగాలని ఇటలీ వైద్యుడు బెర్నార్డినో రమజ్జిని 1700 ప్రాంతంలోనే వైద్యులకు చెప్పాడు. ఆ ప్రశ్న ఇప్పటికీ చాలాచోట్ల రాదు. కనుక వంటవారే చెప్పుకోవాలి: ఏ చేత్తో కత్తి పడతారు, ఎంత బరువు ఎత్తుతారు, ఎన్ని గంటలు వేడి దగ్గర ఉంటారు, చేతులు ఎంతసేపు తడిలో ఉంటాయి. ఇవి తెలియకుండా వైద్యుడు ‘తేలికపాటి పని చేయవచ్చు’ అని రాసిచ్చిన కాగితం వంటగదిలో ప్రమాదకరం. ఎందుకంటే అక్కడ తేలికపాటి పని అంటే కూర్చుని కూరగాయల తొక్క తీయడం. కుట్లు పడిన వేలికి పట్టు బిగించి గంటలకొద్దీ చేసే ఆ పనిని మించిన శిక్ష లేదు. సరుకుల లెక్క చూడటం, వచ్చిన సరుకు నాణ్యత పరీక్షించడం, రుచి చూడటం, కొత్తవారికి పని నేర్పడం నిజంగా తేలికైనవి. కానీ యజమానికి ఇవి పనిలా కనిపించవు, అదే చిక్కు.

మానిన చర్మం కూడా పాత చర్మం కాదు. లోతుగా కాలిన గాయం మచ్చ మెత్తబడి స్థిరపడటానికి ఏడాది, ఏడాదిన్నర పట్టవచ్చు. పల్చటి చర్మాన్ని తీసి అతికించిన చోట స్వేద గ్రంథులు ఉండవు. ఆ భాగం ఎక్కువైతే వేడిలో శరీరం చల్లబడటమే కష్టమవుతుంది. పైకి అంతా బాగుందని పొయ్యి ముందు నిలబెట్టేవారికి ఇది తెలియాలి.

గాయాన్ని దాచడం భోజనానికి వచ్చినవారికీ ముప్పే. చీము పట్టిన గాయం నుంచి స్టెఫిలోకాకస్ ఆరియస్ అనే బాక్టీరియా ఆహారంలో చేరి విషం తయారుచేస్తుంది. తర్వాత ఉడికిస్తే బాక్టీరియా చస్తుందేమో కానీ ఆ విషం పోదు. చాలా వంటగదుల్లో నీలం రంగు పట్టీలు వాడతారు. నీలంగా ఉండే ఆహార పదార్థాలు దాదాపు లేవు కనుక ఊడిపడితే వెంటనే కనబడతాయని. కస్టమర్ క్షేమం కోసం ఇంత ఆలోచించిన పరిశ్రమ, ఆ పట్టీ కింది వేలి గురించి కూడా కాస్త ఆలోచించి ఉంటే బాగుండేది.

ఇక డబ్బు సంగతి. జర్మనీ 1884లోనే పని ప్రమాదాలకు బీమా చట్టం తెచ్చింది. తప్పెవరిదో తేల్చే పని లేకుండా, యజమానులందరూ కట్టిన నిధి నుంచి పరిహారం ఇవ్వడం దాని కీలకం. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1964 నాటి 121వ ఒప్పందంలో వైద్యం, నగదు సాయంతో పాటు, గాయపడినవారిని పాత పనికి, అది కుదరకపోతే తగిన మరో పనికి సిద్ధం చేసే సేవలు కల్పించాలని ఉంది. హోటళ్లు, రెస్టారెంట్ల పని పరిస్థితులపై 1991లో విడిగా 172వ ఒప్పందమే వచ్చింది. దాన్ని ఆమోదించిన దేశాలు కొద్దే. చిన్న రెస్టారెంటు ఇంత భారం మోయలేదన్న వాదనలో నిజముంది. ఒక్కరి మీద పడే భారాన్ని అందరూ పంచుకోవడానికే కదా బీమా పుట్టింది.

నా అజాగ్రత్త వల్లే అయింది కదా, ఏ మొహంతో అడగను అని చాలామంది వంటవారు వెనక్కి తగ్గుతారు. తప్పుతో నిమిత్తం లేని పరిహార విధానం ఉన్నచోట ఈ సంకోచం సాధారణంగా అనవసరం. నేల మీద నూనె తుడవడానికి మనిషి లేడు, కత్తికి పదును లేదు, అది వరుసగా రెండో షిఫ్టు అనుకోండి, ఆ అజాగ్రత్తలో అతని వాటా ఎంత? అందుకే మందు రాసుకున్న రోజే తేదీ, సమయం, ఎలా జరిగిందీ, పక్కన ఎవరున్నదీ రాసి ప్రమాదాల రిజిస్టరులో ఎక్కించాలి. రిజిస్టరు లేకపోతే యజమానికి ఫోనులో సందేశం పంపినా సరే. గాయం ఫోటో, మందుల చీటీలు, ఆ వారపు షిఫ్టుల పట్టిక దాచుకోవాలి. నెల తర్వాత నొప్పి తిరగబెట్టినప్పుడు సాక్ష్యమిచ్చేవి ఇవే.

చెయ్యి మానినా భయం మిగలవచ్చు. నూనె చిటపటకు ఒళ్లు జలదరించడం, రాత్రి ఆ క్షణమే మళ్లీ మళ్లీ గుర్తుకు రావడం పిరికితనమేమీ కాదు. వారాలు గడిచినా తగ్గకపోతే మానసిక నిపుణుల సాయం తీసుకోవాలి. తిరిగి చేరేటప్పుడు నేరుగా వేపుళ్ల దగ్గరకు కాకుండా ముందు పొయ్యి అవసరంలేని విభాగంలో, తక్కువ గంటలతో మొదలుపెట్టడం మేలు. ఆ తేదీని గాయపడినవాడి నోటి నుంచి రప్పించకూడదు. ఇంటి అద్దె, పోతుందేమోనన్న ఉద్యోగం, తోటివారి మీద పడుతున్న పని అతని చేత ‘రేపే వస్తాను’ అనిపిస్తాయి. తేదీ వైద్యుడు చెప్పాలి, అప్పటిదాకా జీతమో బీమా సొమ్మో అందాలి, షిఫ్టు వేసేవారు అతని స్థానంలో మరొకరి పేరు ముందే రాసి ఉంచాలి.