పచ్చ పడకముందే పరుగెందుకు?

హైదరాబాద్ పంజాగుట్ట అయినా, విజయవాడ బెంజ్ సర్కిల్ అయినా, విశాఖ మద్దిలపాలెం అయినా, సిగ్నల్ దగ్గర కాసేపు నిలబడి చూడండి. ఎర్రలైటు పక్కన అంకెలు తగ్గుతుంటాయి. మూడు పడేసరికే ముందు వరుస బైకులు స్టాప్ లైన్ దాటి, జీబ్రా గీతలు దాటి, కూడలిలోకి వచ్చేసి ఉంటాయి. సరిగ్గా అప్పుడే అడ్డరోడ్డులో పసుపు పడినా ఎలాగోలా దాటేద్దామని యాక్సిలరేటర్ తొక్కేవాళ్లు దూసుకొస్తుంటారు. ముందే బయల్దేరినవాడు, ఆలస్యంగా దాటేవాడు కలిసేది కూడలి నడిమధ్యనే. గంటకు 50 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు దాదాపు 14 మీటర్లు, బ్రేకు మీదకు కాలు వెళ్లేలోపే అంతా అయిపోతుంది. పైగా దెబ్బ తగిలేది పక్క నుంచి. కారులో ఉన్నవాళ్లకు తలుపొక్కటే అడ్డు, బైకు మీద వాళ్లకు అదీ లేదు.

పసుపు లైటు ఆగమని చెబుతుంది, వేగం పెంచమని కాదు. ఇది తెలియక కాదు, ఆగితే వెనకవాడు హారన్ మీద చెయ్యి తీయడు కాబట్టి ఆగాలనుకున్నవాడు కూడా ఆగడం లేదు. హారన్‌కు భయపడి ప్రాణం పణంగా పెట్టడమేమిటి?

నడిచేవాళ్ల సంగతి మరీ ఘోరం. చేతిలో కూరల సంచీతో ఓ పెద్దావిడ, రెండో చేత్తో కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని, జీబ్రా గీతల మీద ఆపిన బైకుల మధ్య సందు వెతుక్కుంటూ దాటాలి. ఆ సందులోంచి బయటపడేసరికి ఫ్రీ లెఫ్ట్ అంటూ చూసుకోకుండా తిరిగే ఆటో ఎదురవుతుంది. కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది పోయారు. వాళ్లలో దాదాపు ప్రతి ఐదుగురిలో ఒకరు నడిచి వెళ్తున్నవారే.

చట్టం మెతకగా ఏం లేదు. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం రెడ్ సిగ్నల్ దాటడం ప్రమాదకర డ్రైవింగే, తొలిసారికే 5,000 రూపాయల దాకా జరిమానా, జైలు కూడా పడొచ్చు. మరి భయం ఎందుకు లేదు? తెలంగాణలో 2022 మార్చిలో పెండింగ్ చలాన్లకు భారీ రాయితీ ఇచ్చారు. 2023 డిసెంబరులో మళ్లీ, ఈసారి బైకులకు, ఆటోలకు ఏకంగా 80 శాతం. ఎప్పటికప్పుడు చలాను కట్టినవాళ్లను వెర్రివాళ్లను చేశారు. మిగతావాళ్లేమో తర్వాతి ఆఫర్ కోసం ఎదురుచూస్తున్నారు. పేదల మీద భారం తగ్గించాలనుకుంటే వాయిదాల్లో కట్టించుకోండి, ఎవరూ కాదనరు. కానీ సిగ్నల్ జంపింగ్‌కు, రాంగ్ రూట్‌కు రాయితీ అన్న మాటే ఉండకూడదు.

తప్పంతా నడిపేవాళ్లదే అని మేం అనడం లేదు. గీతే చెరిగిపోయిన చోట ఎక్కడ ఆగాలి? ఫ్లెక్సీల వెనక దాక్కున్న లైటును ఎవరు చూస్తారు? ముందు ఆ గీతలు వేయండి, ఆ ఫ్లెక్సీలు పీకేయండి. ఒక వైపు ఎరుపు పడ్డాక ఇంకో వైపు పచ్చ వేసేముందు అన్ని దిక్కులా రెండు మూడు సెకన్లు ఎరుపే ఉంచండి. పోలీసులు కూడలి దాటాక కాపు కాసి ఫొటోలు తీయడం మాని స్టాప్ లైన్ దగ్గరే నిలబడాలి.