సెప్టెంబరు లెక్కతోనే సరిపెట్టుకోవద్దు

ఏటా సెప్టెంబరులో ఆర్కిటిక్ సముద్రపు మంచు వార్తల్లోకి వస్తుంది. వేసవంతా కరిగాక మంచు కనిష్ఠానికి చేరే నెల అది. కనిష్ఠంలో రికార్డు బద్దలైందా లేదా అన్నదే అందరి ప్రశ్న. 2012లో దాదాపు 34 లక్షల చదరపు కిలోమీటర్లకు పడిపోయిన రికార్డు 2025 దాకా చెక్కుచెదరలేదు. 2025లో కనిష్ఠం 46 లక్షలు. ఇది చూసి ‘కరగడం ఆగిపోయింది’ అనేవాళ్లు బయల్దేరారు. ఆ మాట తప్పు.

అదే ఏడాది మార్చి సంగతి చూడండి. చలికాలమంతా గడ్డకట్టాక మంచు గరిష్ఠానికి చేరే నెల అది. ఆ గరిష్ఠం 1.43 కోట్ల చదరపు కిలోమీటర్లు. 1979 నుంచి ఉన్న ఉపగ్రహ రికార్డుల్లో అప్పటికి అదే అత్యల్పం. అంటే మంచు చలికాలంలో కూడా కోలుకోలేకపోతోంది.

విస్తీర్ణం కంటే నన్ను ఎక్కువ టెన్షన్ పెట్టేది మంచు వయసు. ఉప్పునీరు మైనస్ 1.8 డిగ్రీల దగ్గర గడ్డకట్టడం మొదలవుతుంది. ముందు సన్నటి స్ఫటికాలు నూనె తెట్టులా తేలతాయి, తర్వాత పలకలవుతాయి. ఒక్క చలికాలంలో పేరుకునేది మహా అయితే రెండు మీటర్లు. అందులో ఉప్పు చిక్కుకుని ఉంటుంది. కరగకుండా వేసవులు దాటిన పాత మంచులోంచి ఆ ఉప్పు కారిపోతుంది. ఆ పాత మంచు మందంగా, గట్టిగా ఉంటుంది, కరిగిస్తే తాగడానికీ పనికొస్తుంది. 1980ల మధ్యలో మార్చి నెల మంచులో దాదాపు మూడోవంతు నాలుగేళ్లు దాటినదే. ఇప్పుడు అది 5 శాతం లోపే. ఉపగ్రహ చిత్రంలో మాత్రం కొత్త మంచూ, పాత మంచూ రెండూ తెల్లగానే కనిపిస్తాయి.

మంచు లేని నల్లటి నీరు తన మీద పడ్డ ఎండలో 90 శాతానికి పైగా పీల్చుకుంటుంది. ఆ వేడి బయటికి పోతే తప్ప కొత్త మంచు కట్టదు. అందుకే శరదృతువులో గడ్డకట్టడం ఆలస్యమవుతోంది. ఆ ఆలస్యానికి మూల్యం కట్టేది ఒడ్డున ఉన్నవాళ్లు. అలాస్కాలోని షిష్మరెఫ్‌లో తుపాను అలలకు అడ్డుగా నిలిచే మంచు సకాలంలో రాక తీరం కోసుకుపోతోంది. 2016లో ఆ ఊరివాళ్లు ఊరు వదిలి వెళ్లాలని ఓటేశారు.

ఇది మనకూ దూరపు సంగతి కాదు. రష్యాకు ఉత్తరాన ఆర్కిటిక్‌లో ఉన్న కారా సముద్రంలో వేసవి మంచు తగ్గడానికీ, మన దేశంలో సెప్టెంబరులో కురిసే అతి భారీ వర్షాలకూ సంబంధం ఉండొచ్చని గోవాలోని జాతీయ ధ్రువ పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలు 2021లో చెప్పారు. ఆర్కిటిక్‌లో నార్వేకు చెందిన స్వాల్‌బార్డ్ దీవుల్లోని మన హిమాద్రి పరిశోధన కేంద్రానికి 2023 డిసెంబరులో తొలిసారి చలికాల బృందం వెళ్లింది. ఆ పనికి ఏటా నిధులు ఆగకుండా అందాలి. పత్రికలు కూడా సెప్టెంబరు అంకె పక్కన మార్చి అంకెనూ, మంచు వయసునూ వేయాలి.