తోక చివర బంట్రోతు

సరిహద్దు జిల్లాల్లో పరిపాలన ఎలా నడుస్తుందో తెలియాలంటే రాజధానికి వెళ్లనక్కర్లేదు. ఇంటి దగ్గర కట్టుకున్న విమానం తోక చూస్తే చాలు. తోక వెనక పైకీ కిందికీ కదిలి ముక్కును ఎత్తి దించే పలక, ఎలివేటరు, పెద్దసారు. ఆయన వెనక అంచున వేలాడే చిన్న పలక, ట్రిమ్ ట్యాబ్, బంట్రోతు. బంట్రోతు కిందికి వంగితే గాలి పెద్దసారును పైకి నెడుతుంది, విమానం ముక్కు పైకి లేస్తుంది. పర్లాకిమిడి వాళ్లకిది విడమరిచి చెప్పక్కర్లేదు. 1936 ఏప్రిల్ 1న ఊరు ఒడిశాలో చేరినప్పటి నుంచి ఇంట్లో తెలుగు, ఆఫీసులో ఒడియా. ఎవరు వంగితే ఎవరు లేస్తారో మాకు కంఠతా వచ్చు.

ఇక ఈ బంట్రోతుకు కరెంటు పెట్టడం. ట్యాబ్‌ను కదిలించే చిన్న మోటారు పెట్టె సర్వో. రే అలెన్ కంపెనీ సర్వోకు ఐదు తీగలుంటాయి. మోటారుకు రెండు తెల్లవి, ట్యాబ్ ఎక్కడుందో చూపే మీటరుకు నారింజ, ఆకుపచ్చ, నీలం. తెల్లవి రెండూ ఒకే తెలుపు! అవి అటూ ఇటూ అయితే మోటారు ఎదురు తిరుగుతుంది, మార్చి కలిపితే సరి. అసలు చిక్కు, వాటితోపాటు మీటరు నారింజ, నీలం కూడా తారుమారైనప్పుడు. స్విచ్ ‘ముక్కు పైకి’ అంటుంది. మీటరు ‘చిత్తం, పైకే’ అంటుంది. ట్యాబ్ మాత్రం తన దారిన తాను పోతుంది. ఫైల్లో రోడ్డు పడింది, ఫొటో కూడా ఉంది, ఊళ్లో బురద.

అందుకని ఒకరు కాక్‌పిట్‌లో, మరొకరు తోక దగ్గర. స్విచ్ వెనక్కి లాగితే ట్యాబ్ కిందికి దిగాలి.

‘‘దిగిందేటి బాబూ?’’

‘‘దిగినట్టే ఉందండీ.’’

ఈ జవాబు చెల్లదు. స్కేలు పెట్టి కొలవమనండి. రెండు చివరలకూ నడిపి, సర్వో నుంచి ట్యాబ్‌కు వెళ్లే కడ్డీ, పుష్‌రాడ్, ఎక్కడా రేకుకు రాసుకోవడం లేదని కళ్లతో చూడమనండి.

పైలట్‌కూ పక్కసీటుకూ ఉన్న రెండు నడిపే స్టిక్కుల మీదా స్విచ్‌లు కావాలంటే అది సంకీర్ణ ప్రభుత్వం. ఒకరు పైకి, మరొకరు కిందికి ఒకేసారి నొక్కితే, తీగలు నేరుగా కలిపిన చోట షార్ట్ అవుతుంది. నడుమ రిలేలు, అంటే కరెంటుతో నడిచే స్విచ్‌లు, పెట్టాల్సిందే. స్విచ్ ఇరుక్కుపోతే సర్వో చివరిదాకా పరుగెడుతుంది. అప్పుడు వేగం తగ్గించి, సర్వోకు కరెంటు తెంచే బ్రేకరు లాగాలి. బ్రేకరును సీటు కింద బిగించినవారికి దూరదృష్టి ఉంది, చెయ్యే అందదు.

వేగం రెట్టింపైతే అదే వంపుకు బలం నాలుగింతలవుతుంది. దిగేటప్పుడు 60 నాట్ల దగ్గర బద్ధకంగా పనిచేసే బంట్రోతు 120 దగ్గర తాసీల్దారై కూర్చుంటాడు. సర్వోను నెమ్మదింపజేసే స్పీడ్ కంట్రోలర్ వేయండి, లేదా స్విచ్‌ను బొటనవేలితో తట్టి వదలడం అలవాటు చేసుకోండి. ఎలివేటర్‌లో సర్వో బరువు చేరింది గనక దాని బ్యాలెన్సు మళ్లీ చూడాలి. రంగు వేశాక ఇంకోసారి. దీనికెవరూ ఒప్పుకోరు, రంగు బరువేటి అంటారు.

చివరిది ‘ఆట’. పుష్‌రాడ్‌ను ట్యాబ్‌కు కలిపే క్లెవిస్ పిన్ను దగ్గర కాస్త వదులుంటే ‘‘ఆ మాత్రం ఆట లేకపోతే ఎలా, బస్సు స్టీరింగుకు లేదా?’’ అనే పెద్దమనిషి ప్రతి షెడ్డులోనూ ఉంటాడు. ట్యాబ్‌లో ఆట ఉంటే వేగంలో అది రెపరెపలాడడం మొదలుపెడుతుంది, ఎలివేటర్‌ను కూడా కలుపుకుంటుంది, క్షణాల్లో తోకే ఊడొచ్చు. గుణుపురం బస్సయితే దిగి నడవొచ్చు.