బాల్ఫర్ లేఖలో ఎవరి హక్కు మర్చిపోయారు?

పాలస్తీనాలో యూదుల జాతీయ నివాసానికి ఒక పెద్ద రాజ్యం బహిరంగంగా మద్దతు పలికింది 1917 నవంబర్ 2న. బ్రిటన్ విదేశాంగ మంత్రి ఆర్థర్ బాల్ఫర్ అక్కడి యూదు ప్రముఖుడు లార్డ్ రోత్‌షీల్డ్‌కు రాసిన చిన్న ఉత్తరం అది. దాన్ని గట్టిగా వ్యతిరేకించిన వాళ్లలో ఆ ప్రభుత్వంలోని యూదు మంత్రి ఎడ్విన్ మాంటేగు ఒకరు. మన దేశ పాలనలో వచ్చిన మాంటేగు–చెమ్స్‌ఫర్డ్ సంస్కరణల మాంటేగు ఆయనే.

యూదులకంటూ ఒక దేశాన్ని చూపిస్తే, ఇంగ్లండులో పుట్టి పెరిగిన తనలాంటి వాళ్లను 'మీ దేశానికి మీరు పొండి' అంటారన్నది ఆయన టెన్షన్. సొంత ప్రభుత్వ విధానమే యూదు వ్యతిరేకమని ఆ ఆగస్టులో రాతపూర్వకంగానే చెప్పారు. ఇలాంటి అభ్యంతరాల వల్లే, ఇతర దేశాల్లోని యూదుల హక్కులకు, రాజకీయ హోదాకు భంగం రాకూడదన్న షరతు లేఖలో చేరింది.

పాలస్తీనా జనాభాలో పదింట దాదాపు తొమ్మిది వంతులున్న అరబ్బులకు మాత్రం పౌర, మత హక్కుల హామీతో సరిపెట్టారు. వాళ్ల పేరు కూడా రాయకుండా 'యూదేతర సముదాయాలు' అన్నారు. లండన్‌లోని యూదుడి రాజకీయ హోదా గుర్తొచ్చిన వాళ్లకు పాలస్తీనాలోని నాబ్లస్ రైతు రాజకీయ హక్కు గుర్తు రాలేదు. అక్కడి జనం ఏమైపోవాలని ఆ ప్రభుత్వంలోని మరో మంత్రి, ఒకప్పటి మన వైస్రాయ్ కర్జన్ అడిగినా ఎవరూ పట్టించుకోలేదు.

రష్యాలో ఊచకోతలు చూసిన యూదులకు తలదాచుకునే చోటు నిజంగానే కావాలి. యూదు జాతీయోద్యమ నాయకుడు వైజ్‌మన్ ఏళ్ల తరబడి చేసిన ప్రయత్నాన్ని తక్కువ చేయలేం. కానీ బ్రిటన్ లెక్క వేరు. అమెరికా, రష్యాల్లోని యూదులు యుద్ధంలో తనవైపు మొగ్గాలి, సూయజ్ కాలువకు కాపు ఉండాలి. అంతకుముందే అరబ్బులకు స్వాతంత్ర్యం ఆశ చూపింది, ఫ్రాన్స్‌తో రహస్యంగా పంపకాలూ చేసుకుంది.

లెక్క మారగానే మాటా మారింది. హిట్లర్ యూదులను తరుముతున్న 1939లో ఇదే బ్రిటన్ పాలస్తీనాకు వలసను అయిదేళ్లకు 75 వేలకు కుదించింది. ఆ మద్దతు అత్యవసరమైన రోజునే అది చేతికి అందలేదు.

భారత్ 1947లో ఐక్యరాజ్యసమితిలో పాలస్తీనా విభజనకు వ్యతిరేకంగా ఓటేసింది. 1988లో పాలస్తీనాను గుర్తించింది. 1992 జనవరిలో పి.వి. నరసింహారావు ప్రభుత్వం ఇజ్రాయెల్‌తో పూర్తి దౌత్య సంబంధాలు పెట్టుకుంది. ఒకరిని గుర్తించడానికి రెండోవారిని కాదనక్కర్లేదని ఢిల్లీ చేసి చూపించింది. ఇజ్రాయెల్‌తో స్నేహం ఇంత పెరిగిన ఈ రోజుల్లో పాలస్తీనీయుల రాజకీయ హక్కు గురించి అంతే గట్టిగా, పేరు పెట్టి మాట్లాడాలి.