నాలుగు వందల గుర్రాలు ఎక్కలేని ర్యాంపు

మా బావమరిది ఉద్యోగరీత్యా విదేశాలకు వెళుతూ తన కారును మా అపార్ట్‌మెంటు సెల్లార్‌లో వదిలిపెట్టి, బ్యాటరీ పడిపోకుండా అప్పుడప్పుడు స్టార్టు చేస్తూ ఉండమని తాళాలు నా చేతిలో పెట్టాడు. అయిదు లీటర్ల ఇంజను, ఎనిమిది సిలిండర్లు, నాలుగు వందలకు దగ్గర దగ్గరగా హార్స్‌పవర్, ఆ శక్తి అంతా వెనుక చక్రాలు రెంటికే. మొన్న ఆదివారం భీమిలిలో మా శ్రీమతి తరఫు బంధువుల ఇంట పెళ్ళి. మా సొంత కారు మెకానిక్కు దగ్గర ఉంది. ఇంత బండి కింద పెట్టుకుని ఆటో ఎందుకన్నది శ్రీమతి ప్రశ్న. నేను పట్టుపంచె సర్దుకుని స్టీరింగు ముందు కూర్చున్నాను, ఆమె పక్కన కూర్చుంది, మా అత్తగారు చదివింపుల వెండి పళ్ళెంతో వెనుక సీటులో ఒదిగారు.

మాది విశాఖ మహారాణిపేట. పోర్టు దగ్గర కావడం వల్ల గాలి ఇటు మళ్ళినప్పుడల్లా బొగ్గుపొడి వచ్చి కిటికీల మీద, ఆరవేసిన బట్టల మీద, సెల్లార్ ర్యాంపు మీద నల్లగా పేరుకుంటుంది. ఈ నలుపు చూడలేక మా సంఘం కార్యదర్శిగారు ఇటీవల ర్యాంపు మొత్తానికి నిగనిగలాడే ఆకుపచ్చ పెయింటు వేయించారు. చక్రాలకు పట్టు దొరకాలని బిల్డరు సిమెంటు మీద గీయించిన అడ్డగీతలు ఆ పెయింటు కింద పూడిపోయాయి. పైపూతలో కాస్త ఇసుక కలపమంటారా అని పెయింటరు అడిగాడట, ఇసుక కలిపితే మెరుపు రాదని కార్యదర్శిగారు వద్దన్నారట. ఆ మెరుపు తగ్గకుండా ప్రతి ఉదయం సబ్బునీళ్ళతో కడగాలని వాచ్‌మన్‌కు ఉత్తర్వు కూడా జారీ అయింది. మేము బయలుదేరే సమయానికి కడగడం అప్పుడే పూర్తయింది, ఆరడం మాత్రం మొదలు కాలేదు.

ముందు చక్రాలు ర్యాంపు ఎక్కాయి, వెనుక చక్రాలు పెయింటు మీదికి వచ్చాయి, బండి ఆగిపోయింది. డాష్‌బోర్డు మీద జారుతున్న కారు బొమ్మతో పసుపుపచ్చ దీపం ఒకటి మినుకుమినుకుమనసాగింది. దానిని ట్రాక్షన్ కంట్రోల్ అంటారు. నాలుగు చక్రాలూ ఎంత వేగంగా తిరుగుతున్నాయో సెన్సార్లతో కొలుస్తూ, వెనుకవి ముందువాటి కన్నా మితిమీరి తిరుగుతున్నట్లు కనబడగానే ఇంజను బలాన్ని తగ్గించడమూ, అవసరమైతే ఆ చక్రానికి బ్రేకు వేయడమూ దాని పని. గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసేందుకు బాష్ సంస్థ 1978లో మార్కెట్టులోకి తెచ్చిన ఏబీఎస్ బ్రేకుల సెన్సార్లనే వాడుకుంటూ ఆ తరువాత వచ్చిన ఏర్పాటు ఇది. నాలుగు వందల హార్స్‌పవర్ బండ్లను కూడా నావంటి వారు నడిపి క్షేమంగా ఇల్లు చేరుతున్నారంటే దాని చలవే. అయితే దానికి తెలిసిన విద్య తగ్గించడం ఒక్కటే. లేని పట్టును అది పుట్టించలేదు. నేను ఎంత తొక్కితే అది అంత తగ్గించింది, చివరకు ఇంజను దగ్గుతూ నిలబడిపోయింది.

డ్రైవింగు మోడ్‌లు మార్చి చూడమని శ్రీమతి సలహా ఇచ్చింది. వరుసగా నొక్కుతూ పోగా తెర మీద మంచు రేకు బొమ్మ వెలిగింది. మంచు మీద నడిపేందుకు ఉద్దేశించిన ఆ మోడ్‌లో, కాలు ఎంత నొక్కినా ఇంజను మెల్లగానే స్పందిస్తుంది. మా ప్రాంతంలో మంచు చూడాలన్న కోరిక కలిగిన వారు చలికాలంలో తెల్లవారుజామునే లేచి లంబసింగి దాకా పోతారు. నేను విశాఖ ఉక్కపోతలో, పట్టుపంచె కాళ్ళకు అతుక్కుపోతూ ఉండగా, సెల్లార్‌లోనే మంచులో నడిపాను. బండి జానెడు ఎక్కి మూరెడు దిగింది.

అప్పుడు నేను ట్రాక్షన్ కంట్రోల్ మీటను నొక్కి పట్టుకుని దానిని పూర్తిగా ఆపివేశాను.

ఆ తరువాతి క్షణాలను గురించి కొంత వివరంగా చెప్పవలసి ఉంది. సెల్లార్ పైకప్పు తక్కువ ఎత్తు కావడం వల్ల ఎనిమిది సిలిండర్ల గర్జన గోడలను తాకి రెట్టింపై మా మీదనే పడింది. స్పీడోమీటరు ముల్లు ఇరవై దాటింది, నలభై దాటింది, అరవై దగ్గర నిలిచింది. గంటకు అరవై కిలోమీటర్ల వేగంతో మేము ఒకే స్తంభం పక్కన, దాని మీద రాసి ఉన్న పార్కింగు నంబరును తీరికగా చదువుకుంటూ ఉన్నాము. అంతటితో ఆగక, ఆ వేగంతోనే అంగుళం అంగుళంగా వెనక్కు జారుతున్నాము కూడా. కడుగునీళ్ళు నురగలుగా లేచి వెనుక వరుసలో నిలిపిన కార్ల అద్దాలను ముంచెత్తాయి, వాటిలో ఒకటి కార్యదర్శిగారిది. కాసేపటికి తడి ఆవిరై కాలిన రబ్బరు వాసన వచ్చింది. శ్రీమతి నా వైపు చూడడం మానివేసి అద్దంలోంచి బయటకు చూస్తోంది. బండి ఎక్కిన దగ్గర నుండి భయంతో కళ్ళు మూసుకుని సింహాద్రి అప్పన్నను తలచుకుంటున్న మా అత్తగారు, ఆ చప్పుడును బట్టి ప్రయాణం చాలా దూరం సాగిందని భావించి, కళ్ళు తెరవకుండానే ఎంతో మర్యాదగా అడిగారు: "అల్లుడుగారూ, ఋషికొండ దాటామా?"

నేను కాలు తీసివేశాను. బండి ర్యాంపు అడుగుకు చేరి సమతలం మీద నిలిచింది. ఇంతలో చప్పుడు విని నాలుగు అంతస్తుల వారూ దిగివచ్చారు.

వారిలో ముఖ్యులు, ఇంజనీరింగు కళాశాలలో పాఠాలు చెప్పి రిటైరైన మూడవ అంతస్తు మాస్టారు. ఆయన ర్యాంపును అడుగులతో కొలిచి, ఆరడుగులు ముందుకు పోతే ఒక అడుగు లేస్తోందని తేల్చి, నన్ను కిందికి దిగమని, బానెట్ మీద పేరుకున్న బొగ్గుపొడిలో వేలితో లెక్క కట్టడం ప్రారంభించారు. బండి బరువు సుమారు 1800 కిలోలు, దానిని ఈ వాలు ఎక్కించడానికి అందులో ఆరవ వంతు, అంటే 300 కిలోల తోపు చాలును. కానీ ఆ తోపు ఇవ్వగలిగినవి వెనుక చక్రాలు మాత్రమే, వాటి మీద పడుతున్న బరువు సగం, 900 కిలోలు. 900 మీద 300 తోపు రావాలంటే టైరుకూ నేలకూ మధ్య ఘర్షణ గుణకం 0.33 ఉండి తీరాలి. పొడి తారురోడ్డు మీద మంచి టైరుకు అది 0.8 దాకా సునాయాసంగా దొరుకుతుంది, సబ్బునీళ్ళ పెయింటు మీద పావు దొరికితే గొప్ప. "ఈ లెక్కలో హార్స్‌పవర్ ఎక్కడ వస్తుంది మాస్టారూ?" అని నేను అడిగాను. ఆయన లెక్కను మరొకసారి పైనుండి కిందికి చూసి, "రాదు నాయనా" అన్నారు. రబ్బరు నేలను ఆనే చోటు ఒక్కొక్క టైరుకు అరచేతి పాటిదనీ, అక్కడ పట్టు తప్పిన తరువాత ఇంజనులో నాలుగు వందలున్నా నాలుగు వేలున్నా చక్రం మరింత జోరుగా తిరగడానికి తప్ప ఎందుకూ పనికిరావనీ, పైగా జారడం మొదలయ్యాక ఉన్న ఘర్షణ కూడా తగ్గిపోతుందనీ ఆయన అందరికీ వినబడేలా బోధించారు. ఉక్కు కర్మాగారంలో పనిచేసి రిటైరైన ఎదురింటి ఆయన, బీచిలో పిల్లలను తిప్పే గుర్రాన్ని ఒక్కదాన్ని పిలిపించి ముందు కడదామని ప్రతిపాదించారు. వాచ్‌మన్ మాత్రం చాలా బాధపడ్డాడు. "ఏటి బాబూ, ఇంత బండి ఇది ఎక్కనేదా?"

ఇంతలో ఎవరో టైర్ల వైపు టార్చి వేశారు. టైరు పక్కన అచ్చు వేసిన నాలుగు అంకెలు 1718, అంటే 2018వ సంవత్సరం పదిహేడవ వారంలో తయారైన సరుకు. ట్రెడ్ చూడబోతే నిండుగా ఉంది, వాడకం లేక అరగలేదు, కానీ రబ్బరు వాడకపోయినా వయసుతో గట్టిపడుతుంది. దానికి తోడు గాలి సంగతి ఒకటి. డ్రైవరు తలుపు స్తంభం మీద అంటించిన చీటీలో 32 అని స్పష్టంగా ఉంది. మా పేట టైర్ల దుకాణంలోని కుర్రాడు మాత్రం ఏ బండి వచ్చినా 42 కొడతాడు. చీటీ చూపించి చెప్పినా, "పెద్ద బండి కదా సార్, తక్కువైతే లాగదు" అని నాకే పాఠం చెప్పి, నైట్రోజన్ అని దానికి వేరే డబ్బు తీసుకున్నాడు. గాలి ఎక్కువైతే టైరు ఉబ్బి ఆ అరచేతి పాటి జాగా కూడా కుదించుకుపోతుందని ఇంతమంది వాహనదారులున్న ఊళ్ళో ఆ దుకాణానికి చెప్పేవాడు లేడు, చెప్పినా వినేవాడు లేడు.

మేము ఈ విధంగా శాస్త్రచర్చలో ఉండగా వెనుక నుండి హారను మోగింది. మంచినీళ్ళ టిన్నుల ట్రాలీ ఆటో. మా వాళ్ళకు నాలుగు టిన్నులు దింపి, పక్క అపార్ట్‌మెంటుకు పోవలసిన నిండు టిన్నులతో పైకి వెళ్ళవలసి ఉంది. "సార్, మీది అయ్యేలా లేదు, కొంచెం పక్కకి తీస్తే నేను వెళ్ళిపోతాను" అన్నాడు డ్రైవరు. అందులో వ్యంగ్యం లేకపోవడమే నన్ను ఎక్కువగా నొప్పించింది. నేను పక్కకు తీశాను. పదికి అటూఇటూగా హార్స్‌పవర్ ఉన్న ఆ ఆటో, దాని టైర్లు నా టైర్లలో సగం వెడల్పయినా లేకపోయినా, సబ్బునీళ్ళ మీద గునగునలాడుతూ ఎక్కి, పైన మలుపు తిరిగి, కనబడకుండా పోయింది. మాస్టారి ఆనందానికి హద్దు లేదు. బానెట్ మీద మిగిలిన జాగాలో ఆటో లెక్క కట్టారు. టిన్నుల వల్ల దాని బరువులో మూడు వంతులు వెనుక చక్రాల మీదే ఉంది కనుక దానికి 0.22 చాలునట, మనకు 0.33 కావాలట, కాబట్టి కార్యదర్శిగారి పెయింటు ఈ రెండు అంకెలకూ మధ్య ఎక్కడో ఉన్నదని నేటితో ప్రయోగపూర్వకంగా రుజువైందట. మనం కూడా వెనుక ఇరుసు మీద బరువు వేస్తే ఎక్కవచ్చునని ఆయన అన్నప్పుడు నాకు ప్రాణం లేచివచ్చింది. ఎంత వేయాలని అడిగాను. పెయింటు గుణకం పావు అనుకుంటే సుమారు తొమ్మిది వందల కిలోలు, అంటే ఇరవై లీటర్ల నీళ్ళ టిన్నులు నలభై అయిదు.

మా డిక్కీలో అప్పటికే స్టెప్నీ, పెళ్ళివారికి తీసుకుపోతున్న అరిసెల డబ్బా ఉన్నాయి.

చివరకు వాచ్‌మన్ వెళ్ళి ఎక్కడినుండో గోనెసంచులు తెచ్చి పరిచాడు, బండి పైకి వచ్చింది. మేము వెళ్ళేసరికి భీమిలిలో భోజనాల ఆఖరి పంక్తి లేచిపోయింది.

మరునాడు ఉదయం లిఫ్టు పక్కన నోటీసు అంటించి ఉంది. ర్యాంపు మీద ఏర్పడిన రెండు నల్లని చారలను తొలగించుటకు అగు ఖర్చును సంబంధిత ఫ్లాటు యజమాని చెల్లించవలెననీ, ఇకపై అధిక శక్తి గల వాహనములు సంఘము అనుమతి లేనిదే సెల్లార్ నుండి పైకి రాకూడదనీ అందులో ఉంది. ఇసుక సంగతి అడుగుదామని నేను కార్యదర్శిగారి ఫ్లాటుకు వెళ్ళాను. ఆయన నన్ను కూర్చోమనలేదు. చారలు కనబడకూడదు కనుక ఈసారి అదే పెయింటు రెండు పూతలు వేయిస్తున్నామని చెప్పారు.