గుమ్మడి సూప్‌కి మన వంటింట్లో చోటివ్వాలి

సెప్టెంబరు నెలాఖరుకి ఇల్లినాయిలో ఏ గ్రోసరీ స్టోరు ముందు చూసినా గుమ్మడికాయలు గుట్టలు పోసి ఉంటాయి. మనం వాటిని దాటుకుని వెళ్ళిపోయి, ఇండియన్ స్టోరులో ఫ్రీజర్‌లో ఉన్న మునక్కాడ ముక్కలూ, వాడిపోయిన దొండకాయలూ తెచ్చుకుంటాం. పిల్లలు అడిగారని ఒక పెద్ద గుమ్మడికాయ కొని, హాలోవీన్‌కి దాని మీద కళ్ళూ ముక్కూ చెక్కి, నవంబరు మొదటి వారంలో పారేస్తాం. ఈ నేల మీద, ఈ కాలంలో పండిన కూరగాయ తాజాగా, చవగ్గా ఎదురుగా కనిపిస్తుంటే దాన్ని అలంకారానికే వదిలేయడం నాకు మనసొప్పదు. ఈ ఫాల్‌లో ప్రతి తెలుగింట్లో ఒక్కసారైనా గుమ్మడి సూప్ కాగాలని నా కోరిక.

బ్లూమింగ్టన్, పియోరియాల్లో ఉండే మనవాళ్ళకి ఇది మరీ దగ్గరి సంగతి. ఆ రెండు ఊళ్ళ మధ్య, ఐ-74 మీద మోర్టన్ ఉంది. థాంక్స్‌గివింగ్‌కి దేశమంతా కొనే డబ్బా గుమ్మడి గుజ్జులో చాలా భాగం అక్కడి లిబ్బీస్ ఫ్యాక్టరీ నుంచే వస్తుంది. దానికి వాడే డికిన్సన్ రకం కాయ బొమ్మల్లో చూసే నారింజ రంగు గుమ్మడికాయలా ఉండదు, తోలు లేత గోధుమ రంగు. అది కుకుర్బిటా మొస్కాటా అనే జాతి. బటర్‌నట్ స్క్వాష్ కూడా అదే జాతి. మన ఊళ్ళో దప్పళంలో వేసే తీపి గుమ్మడికాయ కూడా ఎక్కువగా ఆ జాతిదే. అసలు గుమ్మడి పుట్టిల్లే అమెరికా ఖండాలు. మెక్సికోలో వహాకా దగ్గర ఒక గుహలో దొరికిన గుమ్మడి గింజలు దాదాపు 10,000 ఏళ్ళ నాటివి. ఓడలెక్కి మన దేశానికి వచ్చాక సంక్రాంతికి గొబ్బెమ్మల మీద పువ్వయింది, కనుమ నాడు గారెల పక్కన పులుసయింది. కాబట్టి ఇక్కడ బటర్‌నట్ కొనేటప్పుడు పరాయి కూరగాయ కొంటున్నామని ఎవరూ సంకోచించనక్కర్లేదు.

అయితే ఏది కొనాలో తెలియాలి. మొహాలు చెక్కే పెద్ద కాయ వంటకి పనికిరాదని కాదు గానీ, దాంట్లో పీచూ నీరూ ఎక్కువ, రుచి తక్కువ. పై పంప్‌కిన్ (pie pumpkin) అని అమ్మే చిన్న కాయ ఫరవాలేదు. కబోచా అనే జపాన్ రకం గుమ్మడి చాలా బాగుంటుంది, కాకపోతే కోయడానికి బలం కావాలి. నా ఓటు బటర్‌నట్‌కే. గింజలన్నీ అడుగున ఉండే గుండ్రటి భాగంలోనే ఉంటాయి, మెడంతా గట్టి కండే. చేతిలో బరువుగా అనిపించి, తోలు మీద పచ్చ చారలు లేకుండా, తొడిమ ఎండి అంటిపెట్టుకుని ఉన్న కాయ తీసుకోండి. చల్లటి గరాజ్‌లో ఒక మూల పెడితే నెల దాటినా చెడదు.

పచ్చి కాయకి తోలు తీయడం మొదలుపెడితే చేతులకి జిగురు పట్టి, ఆరాక చర్మం బిగుసుకుపోతుంది. ఆ అవస్థ అక్కర్లేదు. మూడు పౌండ్ల కాయని నిలువునా రెండు చెక్కలు చేసి, గింజలు గీకేసి, కోసిన వైపు నూనె రాసి, ట్రే మీద బోర్లించండి. 400 డిగ్రీల ఫారెన్‌హీట్ ఓవెన్‌లో ముప్పావు గంట నుంచి గంట. తోలు ముడతలు పడి, అంచుల దగ్గర కారిన తీపి రసం ట్రేకి అంటుకుని నల్లబడుతుంది. చాకు గుచ్చితే అడ్డు లేకుండా దిగాలి. చల్లారాక చెంచాతో తీస్తే గుజ్జంతా వచ్చేస్తుంది. అంచున మాడీ మాడనట్టున్న ఆ ముక్కల్ని పారేయకండి, సూప్ రుచంతా వాటిలోనే ఉంటుంది. ఉడకబెట్టిన గుమ్మడికి ఆ రుచి రాదు.

ఇక మిగిలింది పావుగంట పని. ఒక ఉల్లిపాయ, నాలుగు వెల్లుల్లి రెబ్బలు, అంగుళం అల్లం మగ్గించి, అర చెంచా జీలకర్ర, మిరియాలు వేసి, గుజ్జూ నాలుగు కప్పుల నీళ్ళూ పోసి కాసేపు మరిగించాలి. బ్లెండర్‌లో వేస్తే సగానికి మించి నింపొద్దు, మూత పెట్టినా ఆవిరి పోయే సందు లేకుండా బిగించి ఆన్ చేయొద్దు. వేడి ఆవిరి మూతని ఎగదన్నుతుంది. టైము లేనివాళ్ళు డబ్బా గుజ్జు వాడుకోవచ్చు, కానీ లేబుల్ చదవండి. పై ఫిల్లింగ్ అని ఉంటే అందులో చక్కెర, దాల్చినచెక్క కలిపేసి ఉంటాయి.

ఇక్కడి వంటల్లో చివర క్రీమ్ పోస్తారు. నేను ఒప్పుకోను. క్రీమ్ గుమ్మడి రుచిని కప్పేస్తుంది. గుప్పెడు కందిపప్పు మెత్తగా ఉడికించి కలిపితే చిక్కదనం వస్తుంది, కడుపూ నిండుతుంది. గుమ్మడి తీపికి పులుపు తగలాలని దప్పళం వండే ప్రతి ఇంటికీ తెలుసు. దించాక నిమ్మరసం పిండండి, లేదా చెంచాడు చింతపండు రసం ముందే పోసి మరిగించండి. పైన నేతిలో ఆవాలు, ఎండుమిర్చి, కరివేపాకు, ఇంగువ పోపు. గీకి పెట్టుకున్న గింజలు కడిగి వేయించి చల్లితే పిల్లలు వాటికోసమే గిన్నె ఖాళీ చేస్తారు.

నేనింతగా చెప్పడానికి ముఖ్య కారణం మన పెద్దవాళ్ళు. అమ్మానాన్నలు ఆరు నెలలకని వచ్చి, చలి మొదలయ్యేసరికి ఇంట్లోనే ఉండిపోతారు. నవంబరు మొదటి ఆదివారం గడియారం వెనక్కి తిప్పాక అయిదింటికే చీకటి పడుతుంది. మనం ఆఫీసు నుంచి, పిల్లలు క్లాసుల నుంచి వచ్చి అందరం కూర్చునేసరికి ఎనిమిదవుతుంది. అంతవరకూ వాళ్ళు బిస్కెట్లూ టీతో గడిపేస్తారు, అడగరు. పళ్ళు సరిగ్గా లేనివాళ్ళకీ, రాత్రి అన్నం సయించనివాళ్ళకీ ఆ వేళకి ఒక గిన్నెడు వేడి సూప్ ఎంత ఆసరానో చూస్తేగానీ తెలియదు. ఆదివారం వండి ఫ్రిజ్‌లో పెడితే మూడు రోజులు వేడి చేసిపెట్టొచ్చు.

హైతీ వాళ్ళు ఏటా జనవరి 1న గుమ్మడి సూప్ తాగుతారు. 1804లో వాళ్ళకి స్వాతంత్ర్యం వచ్చిన రోజది. బానిసలుగా ఉన్నప్పుడు వండి పెట్టడమే తప్ప తాగే హక్కు లేని సూప్‌ని స్వేచ్ఛ గుర్తుగా అందరూ పంచుకుంటారు. 2021లో యునెస్కో దాన్ని వారసత్వ జాబితాలో చేర్చింది. అమెరికాలో ఉన్న హైతీ కుటుంబాలూ ఆ అలవాటు మానలేదు. దేశం దాటి వచ్చిన మనలాంటి వాళ్ళకి ఆ పట్టుదల నచ్చాలి.

మన సంఘం కార్యవర్గానికి ఒక విన్నపం. ఈసారి దీపావళి వేడుకలో హాలు గుమ్మం దగ్గర సోడా క్యాన్ల బదులు గుమ్మడి సూప్ పెడదాం. వంద మందికి చిన్న కప్పు చొప్పున అయిదు గ్యాలన్లు చాలు. ముప్పై అయిదు పౌండ్ల బటర్‌నట్ పడుతుంది. అయిదారు ఇళ్ళవాళ్ళు ముందురోజు రాత్రి ఓవెన్‌లో కాల్చి గుజ్జు తెస్తే సరిపోతుంది. పాల పదార్థాలు తినని వాళ్ళ కోసం నెయ్యి వేయకుండా ఒక పాత్ర వేరుగా ఉంచాలి. ఇంగువలో చాలావాటికి గోధుమపిండి కలుపుతారు కాబట్టి, గ్లూటెన్ పడనివాళ్ళకి తెలిసేలా చీటీ అంటించాలి. కాల్చే పనిలో మొదటి ఇల్లు మాది రాసుకోండి.